లోపలివైపు తుప్పు

షట్టరు చెడిపోయిందని నాకు ఫోన్ చేసేవాళ్లలో ఒక్కరు కూడా షట్టరు గురించి మొదలుపెట్టరు. "అన్నా, ఏడున్నవ్? జల్దీ రా, మస్తు పరేషాన్ ఐతున్నది" అంటారు. ఏం పరేషానో అడిగితే, లోపల పాల ప్యాకెట్లు ఉన్నాయంటారు, బండి ఇరుక్కుందంటారు, ఓనరు తిడుతున్నాడంటారు. స్ప్రింగు తెగిందా, పట్టీ తప్పిందా, తాళం పట్టేసిందా అన్న అసలు సంగతి నేను వెళ్లి చూసేదాకా బయటికి రాదు. మొదట్లో విసుక్కునేవాణ్ని. ఇప్పుడూ విసుక్కుంటాను, కాకపోతే ఫోన్ పెట్టేశాక.

నేను రోలింగ్ షట్టర్లు బాగుచేస్తాను. దుకాణాలవి, గోడౌన్లవి, ఇళ్ల కింద కారు పెట్టుకునే గదులవి. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి క్వార్టర్సులో స్థిరపడ్డాడు. నేను ఆ క్వార్టర్సులోనే పుట్టాను. ఇంట్లో "ఏమిటి" అనేవాణ్ని, గేటు దాటితే "ఏంది" అనేవాణ్ని. అటు చుట్టాలకి నా మాట తెలంగాణలా వినిపిస్తుంది, ఇటువాళ్లు ఇప్పటికీ నన్ను "ఆంధ్రన్న" అంటారు. ఐటీఐలో ఫిట్టర్ చదివాను గానీ నాన్న చేసిన లాంటి ఉద్యోగాలు నా వంతు వచ్చేసరికి లేవు. ఒక షెడ్డులో షట్టర్లు తయారుచేసే పనికి కుదిరి, అక్కడి యజమానితో పడక బయటికొచ్చి, ఒక మోపెడ్, ఒక మడత నిచ్చెన, పనిముట్ల సంచీ పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. నా గొంతు పెద్దది. కోపం కూడా తొందరగానే వస్తుంది. రోజంతా రేకుల చప్పుడు మధ్య బతికేవాడు గుసగుసలాడితే ఎవరికి వినిపిస్తుంది?

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఇనుము బతకడం కష్టం. మే నెలలో మధ్యాహ్నం షట్టరు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. ఆ వేడికి షట్టరు రేకు పట్టీలు సాగి గైడులో బిగుసుకుంటాయి. గైడు అంటే రెండు పక్కలా గోడకి బిగించిన ఇనుప కాలువ, షట్టరు పైకీ కిందకీ జారేది అందులోనే. తర్వాత వానలొస్తాయి. లారీలు లేపిన దుమ్మంతా ఆ కాలువలో బురదై, ఎండి, పెచ్చు కడుతుంది. వీటికి తోడు కంపెనీల గాలి. తెల్లవారుజామున కుళ్లిన పండ్ల వాసనలా ఒకటి, సాయంత్రం ముక్కు మండేది ఇంకొకటి. అవి పీల్చీ పీల్చీ మాకు అలవాటైపోయింది. జింకు పూసిన రేకు మాత్రం రెండో ఏటికే పొడలు పొడలుగా తెల్లబడుతుంది, ఆ తర్వాత ఎర్రబడుతుంది.

గాలి చెయ్యని పని మనుషులు చేస్తారు. గడప మీద కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు సరిగ్గా గైడు మొదట్లోకి పోయేలా వంచుతారు. దసరాకి తాళం రంధ్రంలోకి పసుపు కుక్కుతారు. షట్టరు కిర్రుమంటే మెకానిక్కు దగ్గర వాడేసిన ఇంజన్ ఆయిల్ అడిగి తెచ్చి గైడులో కుమ్మరిస్తారు. ఆ జిడ్డుకి దుమ్మంతా అంటుకుని నెల తిరక్కుండా పిండిముద్దలా తయారవుతుంది. "నూనె పోయకండి మహానుభావా, కొవ్వొత్తి రుద్దండి చాలు" అని నేను అరవని దుకాణం ఈ రోడ్డు మీద లేదు. తెల్లాపూర్ వైపు విల్లాల్లో ఇంకో రకం. అక్కడ అన్నీ రిమోట్లే. షట్టరు చచ్చిపోయిందని పిలుస్తారు, వెళ్లి చూస్తే రిమోట్లో బ్యాటరీ అయిపోయి ఉంటుంది. పైగా, "ఇంతేనా?" అని నన్నే అనుమానంగా చూస్తారు.

ఇంద్రేశంలోని ఆ ఇంటికి మొదటిసారి వెళ్లింది ఎండాకాలం చివర్లో. కొత్త లేఅవుట్లో రెండంతస్తుల ఇల్లు. కింద కారు కోసమని కట్టిన గది. ఆ ఇంటివాళ్లు కారు కొనకముందే ఇంటాయన పోయాడు. ఆయన భార్య ఆ గదిలోనే దుకాణం పెట్టింది. సేఫ్టీ షూలు, హెల్మెట్లు, గ్లౌజులు, గమ్‌బూట్లు, రేడియం పట్టీల కోట్లు. ఆ సందు కంపెనీలకి పోయే అడ్డదారి. బూట్లు, టోపీ లేకపోతే కాంట్రాక్టరు గేటు దాటనివ్వడు గనక, ఒడిశా నుంచీ బీహార్ నుంచీ వచ్చిన కుర్రాళ్లు మొదటి షిఫ్టుకి ముందు పరిగెత్తుకుంటూ ఆమె దగ్గరికే వస్తారు. అంటే ఆమె చీకటి ఉండగానే షట్టరు లేపాలి. "కౌన్సా నంబర్ హోనా బేటా" అంటూ, అడిగినవాడి మొహం కాకుండా కాళ్లు చూస్తూ మాట్లాడేది. అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేది. సొంతూరు సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ వైపు. వ్యవసాయం చేసిన చేతులు.

నన్ను పిలిచింది ఆమె కొడుకు. ఒక కంపెనీలో సూపర్‌వైజరు. అందరిలాగే, "అన్నా, జల్దీ రావాలె, మా అమ్మ ముచ్చట" అని మొదలుపెట్టాడు. నేను నిచ్చెన దింపుకునేలోపే ఆ ముచ్చట మొత్తం చెప్పేశాడు.

"మా నాయిన పోయినంక అమ్మ మాట్లాడుడు బంద్ చేసింది అన్నా. తిండి సుత సరిగ్గ తినకపోతుండె. మేం అమ్మను సుత పోగొట్టుకుంటమేమో అనుకున్నం. ఈ దుకాణం పెట్టినంకనే మనిషైంది. గప్పుడే మా చర్చోళ్లందరి ముంగట అన్నది, ఈ షట్టరు లేపొచ్చినన్ని దినాలు దుకాణం నడుపుత, లేపరాని నాడు బంద్ చేస్త అని. ఇప్పుడు జెర బరువైతున్నదంట. నువ్వు జెర మంచిగ చూడు."

ఆ మాట చెప్తున్నప్పుడు అతని మొహంలో గర్వం ఉంది, దాని వెనకే భయం కూడా ఉంది. షట్టరు లేవని రోజున వాళ్ల అమ్మకి ఏమవుతుందోనన్న భయం. నాకెందుకులే అనుకున్నాను. నాకు కావాల్సింది నిచ్చెన కింద కాస్త సమంగా ఉన్న నేల.

షట్టరు బరువు మోసేది మనిషి కాదు, పైన గొట్టానికి చుట్టిన స్ప్రింగులు. అవి సరిగ్గా ఉండి, గైడు శుభ్రంగా ఉంటే ఎంత పెద్ద షట్టరైనా ఒంటిచేత్తో లేస్తుంది. ఇక్కడ స్ప్రింగులు బాగానే ఉన్నాయి. గైడు అడుగున మాత్రం తుప్పు పొక్కులు కట్టి ఉంది. చెక్కాను, గీకాను, వైరు బ్రష్షుతో తోమాను, కొవ్వొత్తి రుద్దాను. ఆమెని లేపి చూడమన్నాను. ఆమె ముందు షట్టరు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. రోజూ అలాగే చేస్తుందని కొడుకు నా చెవిలో చెప్పాడు. తర్వాత లేపింది. షట్టరు జారుకుంటూ పైకి వెళ్లిపోయింది.

"సూస్తివా అమ్మా!" అన్నాడు కొడుకు.

"మంచిగున్నది" అంది ఆమె, నా వైపు చూడకుండా. నాకు కనీసం చాయ్ కూడా ఇవ్వలేదు. చాయ్ ఇవ్వని ఇల్లు ఈ పక్కన అరుదు కాబట్టి అది నాకు గుర్తుండిపోయింది.

వానలు పట్టుకోగానే మళ్లీ ఫోన్. "అన్నా, మొన్ననే గదా చేసినవ్. మల్ల గట్లనే ఐంది" అన్నాడు. నా పనిమీద వేలెత్తి చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. తడుస్తూనే వెళ్లాను. నిజమే, షట్టరు సగంలో బిగుసుకుపోయింది. ఎడమవైపు గైడు తుప్పు తినేసినట్టు అయిపోయింది. కుడివైపుది అంత లేదు. వాన జల్లు ఎడమవైపు నుంచి కొడుతుందేమో అనుకుని గాలినీ, వాననీ, కంపెనీలనీ కలిపి తిట్టాను. ఎడమవైపు గైడు కొత్తది వేశాను. పనిలో పనిగా స్ప్రింగులు కూడా మార్చాను. ఇక ఈ షట్టరు చంటిపిల్ల కూడా లేపుతుంది అని కొడుక్కి గట్టిగా చెప్పి మరీ వచ్చాను.

ఆ రోజు ఆమె కొంచెం మాట్లాడింది. కొడుకు లోపలికి వెళ్లాక, గమ్‌బూట్లు సైజుల వారీగా పేరుస్తూ, "ఇది ఎన్నేండ్లు ఉంటది బిడ్డా?" అని అడిగింది.

"మంచిగ చూసుకుంటే చానా యేండ్లు ఉంటదమ్మా" అన్నాను గొప్పగా.

"అవునా" అంది. అని మళ్లీ బూట్లు పేర్చుకుంది. సంతోషిస్తుందనుకున్నాను. ఆ "అవునా"లో ఏం లేదు.

చలికాలం మొదట్లో మూడో ఫోన్. ఈసారి కొడుకు గొంతులో ఫిర్యాదు లేదు, నిర్ణయం ఉంది. "అన్నా, ఇగ గైడ్లు గీడ్లు వద్దు. మోటర్ పెట్టు. రిమోట్ పెట్టు. మా అమ్మ చెయ్యి సుత పెట్టొద్దు. వేలు పెట్టి బటన్ నొక్కాలె, లేవాలె. అమ్మ మాట నిలవడాలె." ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి తయారుగా ఉండాలన్నాడు. తల్లి చర్చికి పోలేదు, ఒళ్లు నొప్పులని ఇంట్లోనే ఉంది. కొడుకూ, టీచరు ఉద్యోగం చేసే కోడలూ వెళ్లారు. నేను సామాను దింపి పని మొదలుపెట్టాను. ఆమె దుకాణంలో స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

షట్టరు మొత్తం విప్పి నేలమీద పరిచాను. అప్పుడు కనపడింది. గాలి వల్ల వచ్చే తుప్పు ఎప్పుడూ బయటి ముఖం మీద మొదలవుతుంది. దుమ్ము, వాన, వాసన అన్నీ రోడ్డు వైపు నుంచే కదా వచ్చేది. ఈ షట్టరుకి బయటివైపు రంగు కూడా పోలేదు. లోపలివైపు, అదీ ఎడమ అంచున, నా నడుం ఎత్తు నుంచి కిందకి ఒకే చార. తెల్లగా పెచ్చు కట్టి, దాని కింద ఎర్రగా తిని ఉంది. నేను కొత్తగా వేసిన గైడు కూడా అదే ఎత్తు నుంచి పోయింది. ఎవరో లోపల నిలబడి ఏదో పోస్తే తప్ప అలా కాదు.

నాకు ముందు వచ్చింది కోపమే. మళ్లీ ఏ ఆయిలో, ఏ పసుపునీళ్లో అనుకున్నాను. ఈ ఇంట్లో కొబ్బరికాయలు కొట్టరు, పసుపు రాయరు. అయితే ఏమిటి ఇది? లేచి చుట్టూ చూశాను. ఎడమవైపు గోడ పక్కన బూట్ల డబ్బాల వెనక ఒక స్టీలు చెంబు ఉంది. చెంబు అడుగున నీళ్లు ఎండిపోయి తెల్లగా గీత కట్టింది. పక్కనే దొడ్డుప్పు ప్యాకెట్టు. బూట్లమ్మే దుకాణంలో ఉప్పుకి ఏం పని?

"అమ్మా, ఈ చెంబేంది?" అన్నాను.

ఆమె లేవలేదు. "నీళ్లు తాగనీకి" అంది.

"ఉప్పేసుకుని తాగుతవా? ఎవరు పోసిండ్రు దీంట్ల? కొత్త గైడు వేసి పోయిన్నమ్మా! నీ కొడుకు నన్ను దొంగపని చేసినోణ్ని చూసినట్టు చూస్తున్నడు! కంపెనీలోళ్లని తిట్టుకున్న, వాననొకటి తిట్టుకున్న..."

"గట్ల ఒర్రకు బిడ్డా" అంది నెమ్మదిగా. "నేనే పోసిన."

నేను వైరు బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"మొదటిసారి సుత నువ్వేనా?"

"మొదటిసారి సుత. నువ్వు మంచిగ చేసి పోతవ్, నేను పొద్దుగూకినంక ఇన్ని పోస్త. నీ పని మంచిదే. లేస్తనే ఉండె పాడుది" అని కొంచెం నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు. నా పనికి ఇంతవరకు దక్కిన మెచ్చుకోళ్లలో అంత వింతది లేదు.

ఎందుకమ్మా అని అడిగాను. ఆమె చెప్పింది. ఏడుస్తూ కాదు, బూట్ల సైజు చెప్పినట్టే చెప్పింది.

"యాష్టకొచ్చింది బిడ్డా. నాకు పొద్దెక్కేదాక పండుకోవాలని ఉన్నది. అంతే. ఎండ కిటికీలకెల్లి వచ్చి మొకం మీద పడాలె, గప్పుడు లేవాలె. చిన్నప్పటి సంది ఒక్కనాడు పండుకోలే. పుట్టినింట్ల పాలు పిండుడు, అత్తగారింట్ల నాట్లు, ఈడికొచ్చినంక ఆయన షిఫ్టుకు డబ్బా కట్టుడు, ఇప్పుడు ఇది. పోరగాండ్లు చీకట్లనే షట్టరు కొడ్తరు. లేవకపోతే ఆ దినం వాళ్ల కూలి పోతది. ఎట్ల లేవకుండ ఉంట?"

"మరి కొడుక్కి చెప్పరాదా? వద్దంటడా?"

"వద్దనడు. భయపడ్తడు." చీర కొంగు సర్దుకుంది. "వాళ్ల నాయిన పోయినప్పుడు నేను అన్నం మానేసిన, మాట మానేసిన. నిజమే. గప్పుడు వాడు నా మంచం పక్కన్నే కూసుంటుండె, నౌకరీకి సుత పోకపోతుండె. ఈ దుకాణం నన్ను బతికిచ్చింది, అది సుత నిజమే. గని బతికినంక సుత మందు మింగుకుంటనే ఉండాల్నా? ఇగ చాలు, బంద్ చేస్త అంటే, మల్ల మొదటికొచ్చిందనుకుంటడు వాడు. మల్ల నా మంచం పక్కకొచ్చి కూసుంటడు. షట్టరు లేస్తలేదంటే గా గొడవ ఉండది. మాటిచ్చిన్నాయె. లేపరాలేదు, బంద్ అయింది. ఎవ్వరిని అనేది లేదు."

మళ్లీ నా వైపు చూసి, "ఆ మోటర్ జెర పని చెయ్యకుండ పెట్టరాదు? నీకు తెలుస్తది గదా ఎట్ల పెట్టాల్నో" అంది.

నాకు జాలి వేసింది, అబద్ధం ఎందుకు. దాంతోపాటు చిరాకు కూడా వేసింది. ఎంతమంది నన్ను ఏమేం అడిగారో, గానీ చెడిపోయేలా బిగించమని ఎవరూ అడగలేదు. "నాకు చెడగొట్టుడు రాదమ్మా" అన్నాను. "తెలుసు గని, చెయ్యి పోదు. నువ్వు ఇంకో చెంబు పోసినా నీ కొడుకు ఇంకో మోటర్ పెడ్తడు. అది పోతే ఇంకోటి పెడ్తడు. ఇనుము నీకోసం అబద్ధం ఆడాల్నంటే ఎన్ని దినాలు ఆడ్తది? నోరు విప్పి చెప్పు."

కొంచెం గట్టిగానే అన్నాను. పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ తొంగిచూసింది. ఈమె మాత్రం లేచి లోపలికి వెళ్లింది. కోపం వచ్చిందేమో, పోనీ అనుకుని నా పనిలో పడ్డాను. కాసేపటికి చాయ్ తెచ్చి నా పక్కన నేలమీద పెట్టింది. మూడుసార్లు వస్తే అదే మొదటి చాయ్.

తుప్పు తిన్న పట్టీలు మార్చాను, గైడు మార్చాను, మోటారు బిగించాను, తీగలు లాగాను. కొడుకూ కోడలూ వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. కొడుకు చర్చి బట్టల్లోనే వచ్చి, రిమోటు నా చేతిలోంచి తీసుకుని, తల్లి చేతిలో పెట్టాడు. కోడలు ఫోన్ తీసి వీడియో పట్టుకుంది. సందులో పోతున్న ఇద్దరు బీహార్ కుర్రాళ్లు కూడా ఆగి చూస్తున్నారు.

"నొక్కమ్మా. ఊకె నొక్కు, అంతే."

ఆమె అలవాటు ప్రకారం అరచెయ్యి షట్టరు మీద ఆనించి కళ్లు మూసుకుంది. ఈసారి ప్రార్థన కొంచెం పొడుగైంది. తర్వాత నొక్కింది. షట్టరు గుర్రుమంటూ పైకి పోయింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు, కొడుకూ కొట్టాడు. ఆమె మళ్లీ నొక్కింది, షట్టరు కిందకి దిగింది. పూర్తిగా దిగేదాకా ఆగి, రిమోటు కొడుకు చేతిలో పెట్టింది.

"మంచిగ లేస్తున్నది" అంది. "చెయ్యితోని సుత లేస్తుండె. ఈయన చేసినప్పుడల్ల లేస్తనే ఉండె. నేనే ఉప్పునీళ్లు పోసి లేవనియ్యలే."

కొడుకు పరాచికం అనుకుని నవ్వాడు. నా వైపు చూశాడు. నేను నవ్వలేదు. అప్పుడతను నవ్వు ఆపాడు.

"షట్టరు ఖరాబ్ కాలే. నేను సుత ఖరాబ్ కాలే" అంది ఆమె. "లేపొస్తది బిడ్డా. గని ఇగ లేప."

కోడలు ఫోన్ దించేసింది. కొడుకు మొహం ఎలా అయిపోయిందో చెప్పలేను. ఆమె చెప్పినట్టే అయింది. భయపడ్డాడు. అంత మనిషీ చిన్నపిల్లాడిలా తల్లి మోచెయ్యి పట్టుకుని, "ఏమైందమ్మా? పాణం మంచిగ లేదా? మల్ల గట్లనే అనిపిస్తున్నదా?" అన్నాడు.

"మంచిగున్నది గాబట్టే చెప్తున్న. మంచిగ లేకపోతే చెప్పకపోదును, ఊకె పండుకుందును. నీకు యాద్ లేదా, గప్పుడేమన్న చెప్పిన్నా?"

అతను తల్లి మోచెయ్యి వదిలేశాడు. పనికి అడ్డమని నేను బయట పెట్టిన గమ్‌బూట్ల డబ్బా మీద కూర్చుని ఏడ్చాడు. ఆమె అతని తలమీద చెయ్యి వేసి నిలబడింది. కుర్రాళ్లు ఎటో చూస్తూ వెళ్లిపోయారు. నాకు వెళ్లడానికి దారి లేదు, నా నిచ్చెన వాళ్లిద్దరి వెనకాల ఉంది. అప్పటికే బిగించి ఉన్న స్క్రూని మళ్లీ బిగించుకుంటూ ఉండిపోయాను.

ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంటి సంగతి నాకు తెలియదు. ఆ పక్కగా పోతున్నప్పుడు ఒకసారి చూస్తే దుకాణం బోర్డు లేదు. బూట్లు మెయిన్ రోడ్డు మీద ఇంకెవరో అమ్ముతున్నారు. ఆమె గురించి అడగడానికి నాకేం పని? ఎండలు ముదిరి, ఎక్కడ చూసినా షట్టర్లు బిగుసుకుపోయే రోజుల్లో కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నా, షట్టరు సప్పుడు చేస్తున్నది."

పరేషాన్ అనలేదు, జల్దీ అనలేదు. నేరుగా షట్టరు సంగతి చెప్పిన మొదటి మనిషి.

"మోటరన్నంక సప్పుడు చెయ్యదా తమ్మీ?" అన్నాను.

"గందుకే తీసెయ్. స్ప్రింగులు మంచిగనే ఉన్నయన్నవ్ గదా. చేతితోనే లేపుకుంట." ఎందుకో కూడా చెప్పాడు. "నాకు ఫస్టు షిఫ్టు పడ్డది. బండి లోపలనే పెడ్తున్న. చీకట్ల అది గుర్రుమంటే పైన అమ్మకు మెలకువ వస్తున్నది."

ఆదివారం మధ్యాహ్నం వెళ్లి, ఆమె చుట్టాలింటికి పోయిన సమయంలో మోటారు విప్పేశాను. గైడుల్లో చప్పుడు రాకుండా మందపాటి ఫెల్టు గుడ్డ అంటించాను. స్ప్రింగులు మళ్లీ బిగించాను. చేత్తో లేపితే గాలి ఊదినంత చప్పుడు. అయినా అతనికి నమ్మకం కుదర్లేదు. పొద్దున షిఫ్టుకి పోయే సమయానికి ఒకసారి వచ్చి చూడమన్నాడు. పగటి రొదలో తెలియదు, ఆ నిశ్శబ్దంలోనే తెలుస్తుందన్నాడు. "బండి సందు మలుపుకాడనే ఆపి రా అన్నా. జెర మెల్లగ మాట్లాడు" అని కూడా అన్నాడు. నా గొంతు సంగతి అతనికి గుర్తున్నట్టుంది.

మర్నాడు తెల్లవారుతుండగా వెళ్లాను. కంపెనీల వాసన సందులో నిండి ఉంది. అతను డ్యూటీ బట్టల్లో, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. నన్ను చెయ్యెత్తి పలకరించాడంతే. షట్టరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ కింది పట్టీకి వేసి, కొంచెం కొంచెంగా లేపాడు. ఒక చోట రేకు చిన్నగా టక్కుమంది. వెంటనే ఆగిపోయి, పైకి చూశాడు. పైన ఏమీ కదల్లేదు. మళ్లీ లేపాడు. నడుం ఎత్తుకి రాగానే చాలించి, వంగి లోపలికి పోయి, హ్యాండిల్ పక్కకి వంచి బండిని పడుకోబెట్టినంత పని చేసి బయటికి లాగాడు. షట్టరు అంతే నిదానంగా దించి తాళం వేశాడు. నా వైపు తిరిగి, బాగుంది అన్నట్టు తలూపి, బండి స్టార్టు చేయకుండా తోసుకుంటూ వెళ్లిపోయాడు.

పైన తూర్పు వైపు కిటికీకి కర్టెన్ లేదు. ఎండ ఇంకా పక్కింటి ట్యాంకు మీదికైనా రాలేదు, ఆ కిటికీ దాకా రావడానికి చాలాసేపు పడుతుంది.

సందు మలుపు దగ్గరికి వచ్చాను. అక్కడి నుంచి స్టార్టు చేస్తే ఇంటిదాకా వినిపించదు. అయినా నేను మోపెడ్‌ని మెయిన్ రోడ్డు దాకా తోసుకుంటూనే వెళ్లాను.